తీర అడవుల్లో రాత్రి విడిది: ఢిల్లీ రాజధాని ప్రాంతంలో ప్రజా శిబిరస్థలాలు

నిర్వచనం, పరిధి

ప్రభుత్వ శాఖ గానీ, ప్రభుత్వ సంస్థ గానీ, ఊరుమ్మడి సంఘం గానీ నడుపుతూ, నిర్ణీత రుసుముకో ఉచితంగానో ఎవరికైనా రాత్రి బస ఇచ్చే ఆరుబయలు జాగాను ప్రజా శిబిరస్థలం అంటారు. గుడారం యాత్రికుడు వెంట తెచ్చుకోవచ్చు, లేదా అక్కడే అద్దెకు తీసుకోవచ్చు. తాగునీరు, మరుగుదొడ్డి, చెత్త తరలించే ఏర్పాటు, బాధ్యత వహించే మనిషి ఉన్నప్పుడే ఆ చోటుకు ఈ పేరు తగుతుంది. ఇవేవీ లేని చోట గుడారం వేసినా అది ఖాళీ నేలే. అమెరికాలోని కాలిఫోర్నియా ఉత్తర తీరంలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న రెడ్‌వుడ్ అడవుల్లో, పార్కుల శాఖలే గుడారానికొక జాగా చొప్పున అంకెలు వేసి ముందుగా కేటాయిస్తాయి. అలాంటి జాగాల వరుస భారతదేశపు అటవీ వ్యవస్థలో ఏర్పడలేదు. ఇక్కడ అడవిలో బస అంటే చాలాకాలం విశ్రాంతి గృహమే, అదీ ప్రధానంగా అధికారుల కోసం.

ఢిల్లీకి సముద్రం లేదు. ఈ ప్రాంతంలో తీర అడవి అంటే యమున, గంగల ఒడ్డున వరద నీరు పరుచుకునే ఖాదర్ భూములు, ఝీల్ అనే చిత్తడి చెరువుల చుట్టూ పెరిగిన పొదలు, ఆరావళి గుట్టల నడుమ నీరు నిలిచే లోయలు. ఈ మూడు చోట్లా, వాటి పరిసరాల్లోనూ సామాన్యుడికి రాత్రి బస ఎక్కడ దొరుకుతుంది, ఎందుకు దొరకదు అన్నది ఈ వ్యాస విషయం. ఒక చోట రాత్రి ఉండవచ్చా లేదా అన్నది నేల హోదాను బట్టి తేలుతుంది. దూరం, అందం, డిమాండు ఆ తర్వాతివి. నేల హోదాను వరుసగా పరిశీలిస్తే శిబిరస్థలానికి తగిన చోటు అడవి అంచున కనిపిస్తుంది. ఆ అంచున ప్రజా విడిది తగినంత లేకపోవడం వల్ల అడవికి రక్షణ పెరగలేదనీ, జవాబుదారీ లేని బసకు అది దారితీసిందనీ ఇక్కడి సాక్ష్యాలు చెబుతాయి.

భౌగోళిక నేపథ్యం

1985 నాటి చట్టం కింద ఏర్పడిన జాతీయ రాజధాని ప్రాంతం ఇప్పుడు 55,083 చదరపు కిలోమీటర్లు. అందులో ఢిల్లీ వాటా 1,483 మాత్రమే. మిగిలినదంతా హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలు. ఆల్వార్ జిల్లా ఇందులో ఉంది, భరత్‌పూర్‌ను 2013లో కలిపారు. అందువల్ల సరిస్కా పులుల అభయారణ్యమూ, కేవలాదేవ్ జాతీయ పార్కూ కాగితం మీద ఢిల్లీ రాజధాని ప్రాంతంలోనివే. తూర్పున మీరట్, హాపూర్, ముజఫర్‌నగర్ జిల్లాల గంగ ఒడ్డు కూడా అంతే. బస కోసం వెతికేవారు ఢిల్లీ నగర పటానికే పరిమితమైతే ఈ విస్తీర్ణంలో చాలా భాగం వారి కంటికి కనిపించదు.

ఢిల్లీ లోపలి అడవిలో ప్రధానమైనది ఆరావళి చివరి కొస అయిన రిడ్జ్. 1994లో 7,777 హెక్టార్లను రిజర్వు అడవి చేయనున్నట్లు ప్రకటించారు. ఇందులో ఉత్తర రిడ్జ్ 87 హెక్టార్లు, మధ్య రిడ్జ్ 864, దక్షిణ మధ్య రిడ్జ్ 626, దక్షిణ రిడ్జ్ 6,200 హెక్టార్లు. తెలుగు పల్లెల్లో సర్కారు తుమ్మ అని పిలిచే విలాయతీ కీకర్ ఈ నేలను చాలా మేరకు ఆక్రమించింది. దక్షిణ రిడ్జ్‌లో అసోలా భట్టీ అభయారణ్యం 32.71 చదరపు కిలోమీటర్లు; 1986లో అసోలా భాగాన్ని, 1991లో భట్టీ గనుల భాగాన్ని ప్రకటించారు. ఎర్ర ఇసుక తవ్వి వదిలేసిన గుంతల్లో నీరు చేరి ఏర్పడిన చెరువుల చుట్టూ నేడు చిరుతలు, హైనాలు, నీల్గాయిలు తిరుగుతున్నాయి.

చరిత్ర

ఢిల్లీ చుట్టూ గుడారాల్లో బస చేయడం పాత అలవాటే. అక్బర్ కాలపు రాజ శిబిరం అమరికను, డేరాలు వేసే ఫర్రాష్‌ల పనిని అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో వివరంగా నమోదు చేశాడు. సామాన్య ప్రయాణికులకు, వర్తకులకు బాటల వెంట సరాయిలు ఉండేవి. మథుర దారిలో నేటికీ నిలిచి ఉన్న కోస్ మీనార్లు ఆ ప్రయాణపు కొలతరాళ్లు. ఆంధ్ర తీరంలో బాటసారుల సత్రాలు చేసిన పనే ఇక్కడ సరాయిలు చేశాయి. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం సరాయిల చట్టం తెచ్చి, ప్రయాణికులకు విడిది ఇచ్చే చోట్లను జిల్లా మెజిస్ట్రేటు వద్ద నమోదు చేయాలని, శుభ్రత పాటించాలని, బాగోగులు చూసే మనిషిని పెట్టాలని నిర్దేశించింది. విడిదికి ఒక బాధ్యుడు ఉండాలన్న సూత్రం ఈ ప్రాంతపు చట్టంలోకి అప్పుడే వచ్చింది.

1854లో తెరిచిన ఎగువ గంగా కాలువ, 1874లో ఓఖ్లా నుంచి మొదలైన ఆగ్రా కాలువ వంటి నీటిపారుదల మార్గాల వెంట కాలువ శాఖ తనిఖీ బంగ్లాలు కట్టుకుంది. అటవీ శాఖ విశ్రాంతి గృహాలు కూడా అధికారుల పర్యటనకే పుట్టాయి. అధికారి రాని రోజుల్లో ఇతరులకు ఇచ్చే పద్ధతి వాటికి తర్వాత అంటుకుంది. అటవీ బస నేటికీ అర్జీ మీద నడవడానికి మూలం ఇదే. 1911 డిసెంబరు 12న జరిగిన బ్రిటిష్ చక్రవర్తి దర్బారు కోసం ఉత్తర రిడ్జ్‌కు ఆవల గుడారాల నగరమే వెలిసింది, ముగిశాక తొలగిపోయింది. తాత్కాలిక బస ఎంత పెద్దదైనా నేలను తిరిగి ఖాళీ చేయగలదని చూపినా, అది ప్రజలకు ఉద్దేశించిన శిబిరం కాదు.

ఢిల్లీలో నిజమైన శిబిరస్థలాలు కనిపించేది ఐరోపా నుంచి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మీదుగా రోడ్డు మార్గంలో ప్రయాణికులు వచ్చిన కాలంలో. రామ్‌లీలా మైదానం దగ్గర జవాహర్‌లాల్ నెహ్రూ మార్గ్‌లోనూ, కాశ్మీరీ గేట్ బస్టాండుకు ఎదురుగా కుద్‌సియా తోటలోనూ టూరిస్ట్ క్యాంపులు నడిచాయి. బండి నిలుపుకునే జాగా, గుడారానికి స్థలం, చౌక గదులు అక్కడ దొరికేవి. 1979లో ఇరాన్ విప్లవం, ఆఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సేనల ప్రవేశం ఆ దారిని మూసేశాయి. ఆ ప్రయాణికులతోపాటే నగరం నడుమ గుడారం వేసుకునే అలవాటూ సన్నగిల్లింది. ఇదే దశకంలో 1974లో ఏర్పడిన హర్యానా పర్యాటక సంస్థ రహదారుల పక్కన, చెరువుల పక్కన విడిదులు కట్టి వాటికి పక్షుల పేర్లు పెట్టింది: సుల్తాన్‌పూర్‌లో రోజీ పెలికాన్, దమ్‌దమాలో సారస్, సోహ్నాలో బార్బెట్, సూరజ్‌కుండ్‌లో రాజహంస్. వీటన్నిటికీ ఉన్న సాధారణ లక్షణం, అడవికీ నీటికీ దగ్గరగా ఉంటూ పర్యాటక సంస్థ నేల మీద ఉండటం.

నేల హోదా, చట్టం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ప్రవేశాన్ని పరిమితం చేస్తుంది. 28వ సెక్షన్ కింద ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతిపత్రం ఇవ్వవచ్చు. అధ్యయనం, ఛాయాచిత్రణ, పరిశోధన, పర్యాటకం, అక్కడ నివసించే వారితో న్యాయబద్ధమైన పని అనే కారణాలకు ప్రవేశించడానికే కాక లోపల ఉండటానికి కూడా ఆ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడాన్ని, నిప్పు వదిలేయడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది. లోపల వాణిజ్య వసతి గృహాలు, హోటళ్లు కట్టాలంటే 33వ సెక్షన్ ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు ఆమోదం కావాలి. జాతీయ పార్కులకూ ఈ నియమాలు వర్తిస్తాయి. రిజర్వు అడవిలో అక్రమ ప్రవేశం, నిప్పు పెట్టడం 1927 నాటి అటవీ చట్టం కింద నేరాలు. రాత్రి బసను చట్టం పూర్తిగా కాదనలేదు. అధికారి విచక్షణకు వదిలింది.

రక్షిత ప్రాంతం హద్దు దాటగానే పర్యావరణ సున్నిత మండలం మొదలవుతుంది. సుల్తాన్‌పూర్ చుట్టూ 2010లో ఐదు కిలోమీటర్ల వరకు ఈ మండలాన్ని ప్రకటించారు. ఓఖ్లా పక్షుల అభయారణ్యం చుట్టూ 2015లో ప్రకటించిన మండలం మాత్రం దిక్కును బట్టి వంద మీటర్ల నుంచి 1.27 కిలోమీటర్ల వరకే ఉంది. నోయిడా నిర్మాణాలు అప్పటికే గోడ దాకా వచ్చేశాయి. ఒకే రకమైన పక్షుల చెరువుకు రెండు రాష్ట్రాల్లో ఇంత తేడా ఉన్నందున, పేరు చూసి నియమాన్ని ఊహించడం కుదరదు.

ఆరావళిలో చిక్కుముడి ఇంకా గట్టిది. అక్కడ అడవిగా కనిపించే గుట్టల్లో చాలా భాగం రిజర్వు అడవి జాబితాలో లేదు. రెవెన్యూ రికార్డుల్లో అవి ‘గైర్ ముమ్‌కిన్ పహాడ్’, అంటే సాగుకు పనికిరాని కొండ. కొన్నింటికి 1900 నాటి పంజాబ్ భూ సంరక్షణ చట్టం కింద ప్రత్యేక ఉత్తర్వులు ఉన్నాయి. నాటి గుర్గావ్, ఆల్వార్ జిల్లాల్లోని నిర్దిష్ట ఆరావళి భూముల్లో ముందస్తు అనుమతి లేని నిర్మాణాలను 1992 మే 7 నాటి కేంద్ర ప్రకటన అడ్డుకుంది. ఫరీదాబాద్ దగ్గరి కాంత్ ఎన్‌క్లేవ్ నిర్మాణాలను కూల్చాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పంజాబ్ చట్టపు నాలుగో సెక్షన్ కింద ప్రత్యేక ఉత్తర్వులున్న భూములకు అటవీ లక్షణం ఉందని 2022 జూలైలో తీర్పు చెప్పింది. విడిది ప్రకటనలో ‘ఆరావళి ఒడిలో గుడారం’ అన్న మాట ఈ కోర్టు తగవుల్లో ఏ పక్షాన ఉందో యాత్రికుడికి తెలియదు. ఇచ్చేవారు కూడా తరచు చెప్పరు.

1980 నాటి అటవీ సంరక్షణ చట్టాన్ని 2023లో సవరించి, అడవుల్లో ఆమోదిత ప్రణాళిక మేరకు ఏర్పరచే పర్యావరణ పర్యాటక వసతులను అటవీయేతర వినియోగం పరిధి నుంచి మినహాయించారు. కాగితం మీద ఇది శిబిరస్థలాలకు తలుపు తెరిచినట్లే. తలుపు తెరిచినంత మాత్రాన చౌకైన ప్రజా విడిది వస్తుందని లేదు, ఖరీదైన రిసార్టు కూడా అదే మాటలో ఇముడుతుంది.

ప్రధాన స్థలాలు

యమునా తీరం. ఢిల్లీలో వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు దాదాపు 22 కిలోమీటర్ల నది నగరాన్ని చీలుస్తూ సాగుతుంది. వరద మైదానంలో ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ జీవవైవిధ్య పార్కులు, నదీతీర ఉద్యానాలు నడుపుతోంది. ఇవి సందర్శనకే, రాత్రి బసకు కాదు. ఈ మైదానంలో నిర్మాణాలను నియంత్రిస్తూ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 జనవరి 13న విస్తృతమైన తీర్పు ఇచ్చింది. తీర్పు లేకపోయినా నది తన నియమం తాను పెడుతుంది. 2023 జూలైలో పాత రైల్వే వంతెన వద్ద నీటిమట్టం 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. ప్రమాద స్థాయి 205.33 మీటర్లే. ఇక్కడ పునాది ఉన్న ఏ విడిదీ తగదు. వానలకు ముందే మడిచి తీసుకెళ్లగల గుడారానికి మాత్రం వాదించవచ్చు.

సుల్తాన్‌పూర్, భిందావాస్. గురుగ్రామ్ జిల్లాలోని సుల్తాన్‌పూర్ ఝీల్ విలువను 1970 ప్రాంతంలో పక్షి పరిశీలకుడు పీటర్ జాక్సన్ ప్రధాని ఇందిరా గాంధీ దృష్టికి తెచ్చారు. అభయారణ్యంగా మొదలైన ఈ చోటు 1991లో జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం పదిహేను లక్షల చదరపు మీటర్లకు కాస్త తక్కువ, అంటే 1.42 చదరపు కిలోమీటర్లు. ఝజ్జర్ జిల్లా భిందావాస్‌తో పాటు 2021లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. చలికాలపు వలస పక్షుల కోసం తెల్లవారకముందే గేటు దగ్గర ఉండాలనుకునే వారికి దగ్గరి బస అవసరం. లోపల గుడారం ఊహకే అందదు: ఇంత చిన్న పార్కులో ఏ మూల దీపం వెలిగించినా అది నీటి మీద పడుతుంది. పార్కును ఆనుకుని ఉన్న పర్యాటక సంస్థ విడిదినే అంచు బసకు ఈ ప్రాంతంలోని తొలి నమూనాగా తీసుకోవాలి.

దమ్‌దమా, సోహ్నా, సూరజ్‌కుండ్. ఆరావళి పాదాల వద్ద నీరున్న చోట్లన్నీ హర్యానా పర్యాటక సంస్థ పాత విడిదులు. వాటి చుట్టూ పాఠశాల పిల్లలకు, సంస్థల ఉద్యోగులకు సాహస శిబిరాలు నడిపే ప్రైవేటు నిర్వాహకులు, రాత్రి అద్దెకిచ్చే ఫార్మ్‌హౌస్‌లు పెరిగాయి. ఢిల్లీవాసి ‘క్యాంపింగ్’ అని వెతికితే మొదట తగిలేవి ఇవే. కొన్ని పద్ధతిగా నడుస్తాయి, కొన్ని కొండ భూమి మీద హక్కు తేలకుండానే నడుస్తాయి. గురుగ్రామ్‌లో పాత గనుల నేల మీద 2010లో మొదలై, 2022లో దేశంలో తొలి ‘ఇతర ప్రభావవంత సంరక్షణ ప్రాంతం’గా గుర్తింపు పొందిన ఆరావళి జీవవైవిధ్య పార్కులో రాత్రి బస లేదు. గుర్జర్ల ఊళ్లు తరతరాలుగా కొమ్మ విరవకుండా కాపాడుకుంటున్న మంగర్ బనీ పవిత్ర వనంలో బస కోరడమే తప్పు.

గంగా ఖాదర్. 1986లో 2,073 చదరపు కిలోమీటర్ల మేర ప్రకటించిన హస్తినాపూర్ అభయారణ్యం ఊళ్లను, చెరకు పొలాలను కూడా కలుపుకుని ఉంది. బారాసింఘా జింకకు ఇది ఆవాసం. హస్తినాపూర్ జైన క్షేత్రం కావడం వల్ల అక్కడి ధర్మశాలలే అడవి చూడవచ్చేవారికి చౌక బస. దిగువన గఢ్‌ముక్తేశ్వర్ దగ్గరి బ్రిజ్‌ఘాట్ నుంచి నరోరా వరకు గంగ 2005 నుంచి రామ్‌సార్ ప్రదేశం. నదీ డాల్ఫిన్లు, తాబేళ్లు ఉండే నీరు అది. ఈ గఢ్‌ముక్తేశ్వర్‌లోనే ప్రతి కార్తీక పూర్ణిమకు రాజధాని ప్రాంతపు అతిపెద్ద ప్రజా శిబిరం ఏర్పడుతుంది. ట్రాక్టర్ల మీద, ఎడ్ల బండ్ల మీద, దున్నపోతుల బండ్ల మీద రైతు కుటుంబాలు వచ్చి ఇసుక తిన్నెల మీద రోజుల తరబడి డేరాల్లో ఉంటాయి. చతుర్దశి రాత్రి గతించినవారి పేరిట దీపాలు వదులుతాయి. జిల్లా పంచాయతీ ఇసుకను సెక్టార్లుగా విభజించి దారులు, నీరు, దీపాలు ఏర్పాటు చేస్తుంది. తెలుగు నేల మీద కార్తీక వనభోజనం సాయంత్రానికి ముగుస్తుంది, ఇక్కడ అదే మాసపు పండుగ రాత్రి బసగా మారింది. పర్యాటక గ్రంథాల్లో శిబిరస్థలాల జాబితాకు ఈ మేళా ఎక్కకపోవడం పెద్ద లోపం. ప్రభుత్వ యంత్రాంగం తలచుకుంటే తీరాన తాత్కాలిక విడిది నడపగలదనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు.

సరిస్కా, కేవలాదేవ్. 1978లో పులుల అభయారణ్యమైన సరిస్కాలో 2004-05 నాటికి పులులు పూర్తిగా లేకుండా పోయాయి. 2008లో రణథంభోర్ నుంచి తెచ్చి వదిలారు. రాజస్థాన్ పర్యాటక సంస్థ వారి టైగర్ డెన్ అడవి అంచున, సిలీసేఢ్ సరస్సు పక్కనున్న లేక్ ప్యాలెస్ కాస్త దూరాన బస ఇస్తాయి. కేవలాదేవ్ 1982లో జాతీయ పార్కు, 1985లో ప్రపంచ వారసత్వ స్థలం. ఇక్కడ భారత పర్యాటక అభివృద్ధి సంస్థ ఫారెస్ట్ లాడ్జి పార్కు లోపలే నడిచేది, రాష్ట్ర సంస్థ విడిది గేటు వెలుపల రోడ్డు మీద ఉంది. లోపలి బసకూ అంచు బసకూ మధ్య పోలిక ఇంత దగ్గరగా మరెక్కడా దొరకదు. పార్కులో తిరగడం కాలినడకన, సైకిలు మీద, రిక్షాలో కాబట్టి గేటు బయట బస చేసినవారు పోగొట్టుకునేది కొద్ది నిమిషాల నడక మాత్రమే. లోపలి బస వల్ల యాత్రికుడికి దక్కే అదనపు లాభం అంత చిన్నది; రాత్రి దీపాలు, సరుకుల బండ్లు, మురుగునీటి భారం మాత్రం పార్కు మొత్తం మోస్తుంది.

వెతికే పద్ధతి

ముందు అడగాల్సిన ప్రశ్న ఈ నేల ఎవరిది అన్నదే. తెలుగు రైతుకు అడంగల్ ఎలాగో హర్యానా ఊళ్లలో జమాబందీ అలాంటిది. దానిలో కొండ గైర్ ముమ్‌కిన్ పహాడ్‌గా ఉందా, పంచాయతీ ఉమ్మడి భూమిగా ఉందా, సొంత పట్టానా అన్నది కనిపిస్తుంది. ప్రైవేటు శిబిర నిర్వాహకుడిని ఈ వివరం, పంచాయతీ లేదా పట్టణ ప్రణాళికా శాఖ అనుమతి అడగడం యాత్రికుడి హక్కు. అటవీ విశ్రాంతి గృహం కావాలంటే ఆ డివిజన్ అటవీ అధికారికి తేదీతో అర్జీ పెట్టాలి. అధికారిక పర్యటన పడితే కేటాయింపు రద్దు కావచ్చు కాబట్టి ప్రత్యామ్నాయం చూసుకోవాలి. రాష్ట్ర పర్యాటక సంస్థల విడిదులకు ఈ చిక్కు తక్కువ. ఆవరణలో సొంత గుడారం వేయనిస్తారా అన్నది ఆ విడిది మేనేజరుతో ముందే తేల్చుకోవాలి. గుర్తింపు పత్రం అంతటా అడుగుతారు, విదేశీ పౌరుల వివరాలను బస ఇచ్చినవారు నిర్ణీత పత్రంలో నమోదు చేయాలి.

కాలం కూడా నియమం వంటిదే. మే, జూన్ వడగాలికి గుడారం నిలవదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఖాదర్ భూములు నీటి పాలు. నవంబరు, డిసెంబరు పక్షులకు మంచి నెలలైనా గాలి నాణ్యత దిగజారే కాలం. 2017 నుంచి అమల్లోకి వచ్చిన దశలవారీ కార్యాచరణ ప్రణాళిక, 2021 చట్టంతో స్థిరపడిన వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఆదేశాలు ఆరుబయట కట్టెలు, చెత్త తగలబెట్టడంపై ఆంక్షలు పెడతాయి. శిబిరానికి ప్రాణమని చాలామంది తలచే చలిమంట ఇక్కడ అడవి చట్టానికీ గాలి చట్టానికీ రెండింటికీ అడ్డు తగలవచ్చు. మంట లేని శిబిరానికి సిద్ధపడి, చలి తగ్గి గాలి కొంత తేలికయ్యే ఫిబ్రవరిని ఎంచుకోవడం మేలు.

అంచు విడిదిపై అభ్యంతరాలు

28వ సెక్షన్ పర్యాటకుడు లోపల ఉండటానికి వీలిస్తున్నప్పుడు అంచుకే పరిమితం కావడం ఎందుకని అడగవచ్చు. ఆ సెక్షన్ దేశమంతటికీ రాసినది. వందల చదరపు కిలోమీటర్ల అడవిలో ఒక మూల నాలుగు గుడారాలు కలిసిపోవచ్చు. సుల్తాన్‌పూర్ 1.42, అసోలా 32.71 చదరపు కిలోమీటర్లు. పైగా పొడి నేలలో మనిషి గుడారానికి ఎంచుకునే నీటి ఒడ్డే రాత్రి జంతువు దాహానికి వచ్చే చోటు. చిరుత, హైనా కదిలే వేళలో ఆ ఒడ్డును మనుషులు ఆక్రమిస్తే నష్టపోయేది వేరే చెరువు లేని జంతువే.

అంచున శిబిరస్థలం పెడితే దాని వెంట దుకాణాలు, రోడ్లు, ప్లాట్ల వ్యాపారం వస్తాయన్న భయం రెండోది, ఇది బరువైనది. ఆరావళి చరిత్ర ఈ భయాన్ని సమర్థిస్తుంది కూడా. అయితే కొత్త నేల తెరవాల్సిన అవసరం లేదు. సుల్తాన్‌పూర్, దమ్‌దమా, సూరజ్‌కుండ్‌లలో ఇప్పటికే పార్కింగు, మరుగుదొడ్లు, కాపలా ఉన్న పర్యాటక ఆవరణలు ఉన్నాయి. వాటి లోపలే కొన్ని గుడారపు జాగాలు, రోజుకు ఇంతమందే అన్న పరిమితి పెట్టడానికి ఒక్క చెట్టూ కొట్టనక్కర్లేదు. వ్యాపారం పెరగడానికి కారణమయ్యేది శాశ్వత కట్టడం. తీసేయగల గుడారానికి ఆ శక్తి తక్కువ.

ప్రైవేటు శిబిరాలు ఉన్నాయి కదా, ప్రభుత్వం ఎందుకు అన్నది మూడో మాట. విద్యార్థి, చిన్న జీతగాడు, పిల్లలతో వచ్చే కుటుంబం ఫార్మ్‌హౌస్ అద్దె భరించలేరు. అడవిని చూసే అవకాశం ధనికులకే మిగిలితే, అడవి కోసం గొంతెత్తేవారి సంఖ్య కూడా అంతే మిగులుతుంది. జవాబుదారీ విషయం ఇంకా ముఖ్యం. ప్రభుత్వ ఆవరణలో ఎందరున్నారో, చెత్త ఎటు పోయిందో, నిప్పు ఎవరు పెట్టారో చెప్పే రిజిస్టరు ఉంటుంది, అడిగే అధికారి ఉంటాడు. గుట్ట వెనక ఫార్మ్‌హౌస్‌లో రాత్రంతా మోగే స్పీకరుకు జవాబు చెప్పేవాడు దొరకడం కష్టం. బసను నిషేధించినంత మాత్రాన బస ఆగలేదు; కనిపించని చోటికి జరిగింది.

గఢ్‌ముక్తేశ్వర్ మేళాను చూపి, ప్రజా శిబిరం అంటే ప్లాస్టిక్ కుప్పలేనని వాదించేవారూ ఉన్నారు. ఇసుక మీది గుర్తులను తర్వాతి వరద చెరిపేస్తుంది, ప్లాస్టిక్‌ను మాత్రం డాల్ఫిన్ల నీటిలోకి మోసుకెళుతుంది. ఈ విమర్శ న్యాయమైనదే. అది శిబిరం ముగింపు పనికి సంబంధించిన విమర్శ: డేరాలు వేసే రోజున ఉన్నంత యంత్రాంగం డేరాలు ఎత్తే రోజున కూడా ఉండాలి.

కోస్తాంధ్రతో పోలిక

నిజమైన సముద్ర తీర అడవి కోసం తెలుగు పాఠకుడు కాకినాడ దగ్గరి కోరింగను చూడాలి. 1978లో అభయారణ్యమైన ఈ 235.70 చదరపు కిలోమీటర్ల మడ అడవి గోదావరి ముఖద్వారాన ఉంది. నీటిపిల్లికి పేరుపొందిన చోటు. 2019 నాటి తీర నియంత్రణ మండల ప్రకటన మడ అడవులను అత్యంత సున్నిత తరగతిలో ఉంచింది. ఆమోదిత ప్రణాళిక ఉంటే నడక వంతెనలు, చెట్టు గుడిసెల వంటి పర్యావరణ పర్యాటక వసతులకు వీలు కల్పించింది. ఆటుపోట్లకు నేల రోజుకు రెండుసార్లు మునిగే చోట గుడారానికి అసలు నేలే ఉండదు. యాత్రికుడు పగలు చెక్క వంతెన మీద నడిచి, రాత్రికి కాకినాడ చేరతాడు. (చూడండి: మడ అడవులు; హోప్ ఐలాండ్.)

పాపికొండల దగ్గర గోదావరి ఒడ్డున కొల్లూరు ఇసుక మీది వెదురు గుడిసెలు గంగా ఖాదర్ డేరాలకు దగ్గరి బంధువులు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం తర్వాత, అక్కడికి చేరే పడవ ప్రయాణం మీదే ఆ బస భద్రత ఆధారపడి ఉందని అందరికీ తెలిసొచ్చింది. నల్లమలలో బైర్లూటి, పచ్చర్లల్లో అటవీ శాఖ చెంచులతో కలిసి గుడారాలు, కుటీరాలు నడుపుతోంది. మారేడుమిల్లి ప్రాంతంలో గిరిజన వన సంరక్షణ సమితులు శిబిరం నడిపాయి. వంట, దారి చూపడం, కాపలా ఆ ఊళ్లవారివే కావడంతో రుసుములో భాగం అడవి పక్కనే ఉంటుంది. ఆరావళిలో మంగర్, బంధ్‌వాడీ వంటి ఊళ్ల గుర్జర్లకు అడవి మీద అంతే పట్టు, అంతే పరిచయం ఉన్నాయి; వారి చేతిలో నడిచే ప్రజా శిబిరస్థలం హర్యానా అటవీ, పర్యాటక శాఖల పథకాల్లో ఇంకా చోటు సంపాదించాల్సి ఉంది.